గుత్తకిచ్చిండు

మా పాప మిన్నుకు నాలుగేళ్లు. అన్నం తింటూ మధ్యలో "ఇగ చాలు, నాకొద్దు" అంటుంది. నేను పక్కనుంటే వెంటనే "ఇగ కాదమ్మా, ఇంక" అని దిద్దుతాను. పాపను చూసుకునే సుగుణ పరిగి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. పాప మాటలు చాలావరకు ఆమెవే. వచ్చే ఏడాది పెద్ద బడిలో చేర్చాలి. అక్కడ పిల్లతో పాటు తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టి మాట్లాడిస్తారట. ఆ గదిలో పిల్ల ‘గిట్ల’ అంటే వాళ్లేమనుకుంటారో అని నాకు భయం. భయపడటానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. పాప దగ్గితే ఒక భయం, నాలుగు రోజులు దగ్గకుండా ఉంటే ఇంకేదో వస్తుందేమోనని ఇంకో భయం. ఇంట్లో అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను, మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి పాప నుదురు తడిమి వచ్చాను.

ఈమధ్య ఒక రోజు సుగుణ సెలవు అడిగింది. "రెండొద్దులు ఊరికి పోయొస్తనమ్మా. మా పొలం గుత్తకిచ్చినం గదా, ఇగ గుత్త ముగిసింది. చూసి రావాలె" అంది. నేను ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటూ, తల తిప్పకుండానే, "గుత్తగా ఇచ్చేసిన పొలాన్ని చూడటానికి నువ్వెందుకు వెళ్లడం సుగుణా? కొన్నవాళ్లు చూసుకుంటారుగా" అన్నాను. సుగుణ పాప నోటిదాకా తెచ్చిన ముద్దను అక్కడే ఆపింది.

"కొనుడేంది? మేం అమ్మితెనే గదా కొనేది! గుత్తకంటే గుత్తకే. వాడు పంట తీస్కుంటడు, మా వంతు మాకిస్తడు. గడువు కాంగనే పొలం మల్ల మాదే. ఇంత సదువుకున్నరు, గింత తెల్వదా అమ్మా?"

"తెల్వదా అమ్మా?" అంది పాప కూడా, పకపకా నవ్వుతూ.

ఆ పూట నేను పాప మాట దిద్దలేదు. నా ముందున్న తెర మీద అక్షరాలు కనబడటం మానేశాయి. మేం కౌలు అనేదాన్ని వీళ్లు గుత్త అంటారు. అంతే, ఇంత చిన్న సంగతి. కానీ పన్నెండేళ్ల కిందట, ఎం.ఏ. చదివే రోజుల్లో, ఒకామె నోట ఈ మాట విని నేను ఇంకో అర్థం రాసుకున్నాను. నేను రాసిన ఆ వాక్యం మీద మా ప్రొఫెసరు ప్రమీల మేడమ్ ఒక వాదం కట్టారు, దాన్ని ఏళ్ల తరబడి పాఠంగా చెప్పారు. సుగుణ సెలవు అడగడానికి సరిగ్గా పది రోజుల ముందు ఆవిడే ఫోన్ చేసి, "శైలూ, పుస్తకం ప్రెస్సుకు పోతున్నది. నాలుగో అధ్యాయం పేరేందో చెప్పుకో చూద్దాం" అన్నారు. నేను చెప్పలేకపోయాను. "నువ్వు తెచ్చిన వాక్యమే పెట్టిన: గుంపగుత్తగా అమ్మేశారు." ఆ రోజు నేను పొంగిపోయి అమ్మకు, నాన్నకు, మా ఆయనకు, ఎదురింటి ఆవిడకు కూడా చెప్పాను. ఇన్నాళ్లూ ఇంగ్లీషులో వ్యాసాలు రాసిన మేడమ్ మొదటిసారి తెలుగులో రాసిన పుస్తకం అది. ఆవిడ రిటైరయ్యే రోజున విడుదల. అందులో ఒక అధ్యాయానికి పేరుగా ఉన్న మాట, ఆ మాట చెప్పిందని నేను రాసిన మనిషిది కాదు.

ఎం.ఏ.లో చేరినప్పుడు రాజకీయ అర్థశాస్త్రం అంటే ఏమిటో నాకు తెలియదు. రాజకీయం ఒక కష్టం, అర్థశాస్త్రం ఇంకో కష్టం, రెండూ కలిపితే కష్టం రెట్టింపు అనుకున్నాను. మొదటి రోజు ప్రమీల మేడమ్ తరగతికి వచ్చి, హాజరు కూడా తీసుకోకుండా, "అందరూ పొద్దున స్నానం చేసే వచ్చారా?" అని అడిగారు. వెనక బెంచీల్లో నవ్వులు. "నవ్వకండి. ఆ నీళ్లు ఎక్కడివో, ఎవరివో కనుక్కుని రేపు రండి" అని చెప్పి పుస్తకం తెరవకుండానే వెళ్లిపోయారు. మేం అప్పుడు కూకట్‌పల్లిలో ఉండేవాళ్లం. నేను నాన్నను అడిగాను, నాన్న వాచ్‌మన్‌ను అడిగారు, వాచ్‌మన్ ట్యాంకరు డ్రైవరును చూపించాడు. ఆ డ్రైవరు ఊరి చివర ఒక రైతు బోరు దగ్గర నింపుకొస్తాడట. ఆ రైతు వరి వేయడం మానేశాడట, నీళ్లే మేలని. మర్నాడు నేను లేచి ఇదంతా చెబితే మేడమ్ బల్ల మీద చేయి ఆనించి, "ఆ రైతుకు భూమి కింద నీళ్లు అమ్మే హక్కు ఎవరిచ్చారు? పక్క రైతు బోరు ఎండితే ఎవరిని అడగాలి? ఈ రెండు ప్రశ్నలూ పట్టుకుని కూర్చుంటే రెండేళ్లకూ సరిపోతాయి" అన్నారు. నిజంగానే సరిపోయాయి.

ఆవిడకు గిట్టని మాట ఒకటుండేది. బోర్డు మీద ‘అభివృద్ధి జరిగింది’ అని రాసి, ‘జరిగింది’ని డస్టరుతో తుడిచేసి, ఆ ఖాళీ వైపు చూపిస్తూ "జరగడానికి ఇదేమన్నా వానా? ఎవరు చేశారు? ఎవరికి చేశారు? ఎవరి దగ్గర తీసుకుని చేశారు?" అనేవారు. మా జవాబు పత్రాల్లో ‘జరిగింది’, ‘ఏర్పడింది’, ‘మారిపోయింది’ కనిపిస్తే చుట్టూ గుండ్రంగా గీసి, పక్కన ‘ఎవరు?’ అని రాసేవారు. నా మొదటి పరీక్ష కాగితం మీద పదకొండు ‘ఎవరు?’లు ఉన్నాయి. ఇప్పుడు నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో వివరించే వాక్యాలు రాస్తుంటాను. ‘మీ అభ్యర్థన తిరస్కరించబడింది’ అని రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆ గుండ్రటి గీత కళ్లముందు కనబడుతుంది. అయినా రాస్తాను. ఎవరు తిరస్కరించారో రాస్తే ఆఫీసులో ఒప్పుకోరు.

అప్పట్లో మేడమ్ కొత్తగూడ పాత గల్లీలో, పెంకుటింట్లో, వాళ్ల అమ్మతో ఉండేవారు. ఆ ఇంటికి ఇప్పుడు నేనుంటున్న అపార్ట్‌మెంటు పది నిమిషాల నడక, కానీ నడిచి వెళ్లి చూడటానికి ఆ ఇల్లు లేదు. అక్కడ ఆరంతస్తుల హాస్టల్ లేచింది. శనివారాలు మేం నలుగురైదుగురు విద్యార్థులం ఆ ఇంటి ముందు గదిలో చాప మీద కూర్చునేవాళ్లం. ఈ ఐటీ కారిడార్ కింద ఉన్న పాత ఊళ్ల వాళ్లను కలిసి, వాళ్ల మాటలు రికార్డు చేసి, రాసి తీసుకురావడం మా పని. భూములు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి ఎలా వెళ్లాయి అన్నది మేడమ్ పరిశోధన. గోడకు ఒక పెద్ద చార్టు ఉండేది. దాని మీద మూడు గడులు: అమ్మినవాళ్లు, పోగొట్టుకున్నవాళ్లు, ఉంచుకున్నవాళ్లు. మేం తెచ్చిన కాగితాలను మేడమ్ నిలబడి, బుగ్గన లవంగం పెట్టుకుని, పైకి చదివేవారు. చదవడం అయ్యాక ఆ కుటుంబం పేరు ఏదో ఒక గడిలోకి వెళ్లేది.

లోపల వంటింట్లోంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన వచ్చేది. తడిచేత్తో రొట్టె తట్టే చప్పుడు, పెనం మీద నీళ్లు చిలకరించినప్పుడు వచ్చే సుయ్‌మనే మోత, పచ్చిపులుసులోకి కాల్చిన మిరపకాయల ఘాటు, వీటన్నిటి మధ్య మేడమ్ గొంతు. వాళ్ల అమ్మను మేమందరం అమ్మమ్మ అనేవాళ్లం. ఆవిడకు నన్ను చూస్తే సరదా. "ఏం పిల్లా, గంత సన్నగున్నవ్, మీ ఇంట్ల తిండి పెడ్తలేరా?" అనేది. నేను "పెడతారండీ" అంటే, "అగో, మల్ల అండీ! నీ నోట్ల ‘అండి’ లేకుంట మాటే రాదా? రొట్టెనన్న ఉత్తగ రొట్టె అంటవా, రొట్టెండీ అంటవా?" అని నవ్వేది. క్లాసులో పుస్తకం భాష మాట్లాడే మేడమ్ ఇంట్లో వంటింటి వైపు తిరగగానే వాళ్లమ్మ భాషలోకి మారిపోయేవారు. "అమ్మా, పోరగాళ్లకు జర చాయ్ పొయ్యి" అనే ఆ మనిషి, బోర్డు దగ్గరి మనిషి ఒకరేనా అని మొదట్లో నాకు ఆశ్చర్యంగా ఉండేది.

మా ఇంట్లో ఇంకో రకం. మా నాన్నది కృష్ణా జిల్లా. ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేసేవారు. పొద్దున్నే ఎర్ర పెన్సిల్ పట్టుకుని పేపరు చదివేవారు. వార్తల కోసం కాదు, తప్పుల కోసం. ఒత్తు తప్పిపోయినచోట గీత, విభక్తి తప్పినచోట గీత. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, వీపు మీద తడి తువ్వాలు వేసుకుని భోజనానికి కూర్చుంటే, మజ్జిగ పోసుకునేదాకా మా మాటలు దిద్దుతూనే ఉండేవారు. నేను స్నేహితుల దగ్గర నేర్చుకుని ‘పరేషాన్’ అంటే, "కంగారు అనమ్మాయ్, మనకు మాటల్లేవా?" అనేవారు. "మాట శుభ్రంగా ఉండాలి, చొక్కా లాగే" అన్నది ఆయన లెక్క. ఆయన చెడ్డవారు కాదు, ఎవరినీ కించపరచాలని కూడా కాదు. ఆయనకు మురికి కనిపిస్తే ఉతకాలి, అంతే. ఆ గుణం నాకు ఎంత బాగా వచ్చిందంటే, అది గుణమనే నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

బాలమణమ్మను నేను కలిసింది కొండాపూర్ దగ్గర ఒక లేడీస్ హాస్టల్ వంటింట్లో. కంపెనీల్లో పనిచేసే అమ్మాయిల కోసం రెండు పూటలా చపాతీలు చేసేది. నేల మీద పీట వేసుకుని, ముందు పిండి ముద్దల గుట్ట, పక్కన కాలిన చపాతీల గుట్ట. నేను రికార్డరును పిండి డబ్బా మీద పెట్టి, చేతిలో ప్రశ్నల కాగితంతో ఎదురుగా కూర్చున్నాను. అదే నేను ఒంటరిగా చేసిన మొదటి ఇంటర్వ్యూ. చెమటకు కాగితం వేళ్లకు అంటుకుంది. ఆమె తలెత్తకుండా, చేయి ఆపకుండా మాట్లాడింది.

"మీ నాన్నగారికి పొలం ఉండేదా అండీ?"

"ఉండకేం? రాయదుర్గం దిక్కు, బండల నడుమ. జొన్నలేస్తుంటిమి, కందులేస్తుంటిమి. నాయన రోజంత ఆడనే ఉంటుండె."

"ఆ పొలం ఏమైందండీ?"

"నాయన గుత్తకిచ్చిండు, గంతే. మల్ల మాకు రాలే."

చపాతీల కర్ర ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె ఇంకేదో చెప్పబోయినట్టే ఉంది. కానీ నా కాగితంలో తరువాతి ప్రశ్న చదువు గురించి. "మీరు ఎంతవరకు చదువుకున్నారండీ?" అన్నాను. ఆమె నవ్వి, "నాకు సదువా? మంచిగడిగినవ్ బిడ్డా" అని మళ్లీ కర్ర తిప్పింది.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని రికార్డింగు విని రాశాను. ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్టు రాయాలని మేడమ్ చెప్పకపోలేదు. కానీ ‘నాయన’ అని రాయబోతే నా చేయి ‘మా నాన్నగారు’ అని రాసింది. ‘గంతే’ అంతే అయింది. ‘మల్ల’ మళ్లీ అయింది. నేను ఆమెకు మర్యాద చేస్తున్నాననే అనుకున్నాను. ‘గుత్త’ దగ్గర ఆగాను. నాన్న మజ్జిగన్నం కలుపుకుంటున్నారు. "నాన్నా, గుత్తకివ్వడం అంటే?" అని అడిగాను. "గుంపగుత్త అని వినలేదుటమ్మాయ్? విడివిడిగా కాకుండా మొత్తం ఒక్కసారే ఇచ్చేయడం. మామిడికాయల బండి గుత్తగా కొన్నాం అనమూ?" అన్నారు. నాకు సరిపోయింది. ‘మళ్లీ మాకు రాలేదు’ అన్నదానికి, అంతటి అవకాశం మళ్లీ రాలేదు కాబోలు అని నేనే ఒక అర్థం చెప్పుకున్నాను. "మా నాన్నగారు గుంపగుత్తగా అమ్మేశారు. అంతే." ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది వాక్యం.

శనివారం మేడమ్ అది చదివి ఆగిపోయారు. రెండోసారి చదివారు. బుగ్గన లవంగం అటునుంచి ఇటు మారింది. "చూడండి. ఇన్ని నెలలుగా అందరూ ‘భూమి పోయింది, పోయింది’ అంటున్నారు. అదేదో కాళ్లొచ్చి నడిచి పోయినట్టు. ఈమె ఒక్కతే చేసిన మనిషిని ముందు పెట్టి చెప్పింది. నాన్న అమ్మేశారు. దాపరికం లేదు, ఏడుపు లేదు. మార్కెట్టు మనల్ని ఎప్పుడూ మెడ పట్టి గెంటదు, పేదవాడికి కూడా ఆశ చూపించి తనే సంతకం పెట్టేలా చేస్తుంది. దీన్ని మనం ఎదుర్కోవాలి" అన్నారు. చార్టు మీద బాలమణమ్మ ఇంటిపేరు మొదటి గడిలోకి, అమ్మినవాళ్ల కిందికి వెళ్లింది. నేను ఆ గడి వైపే గర్వంగా చూస్తూ కూర్చున్నాను. లోపల అమ్మమ్మ రొట్టెలు తడుతూనే ఉంది. నాకూ ఆవిడకూ మధ్య ఒక్క గోడ. "అమ్మమ్మా, గుత్తకంటే ఏంటండీ?" అని ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. అండీ అన్నందుకు ఇంకోసారి నవ్వి, చెప్పి ఉండేది.

మేడమ్ వ్యాసంలో అడుగున నా పేరు వేశారు. ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ నేను ఆ సంగతి రాశాను. మేడమ్ తరువాతి తరగతుల పిల్లలు ఆ వాక్యాన్ని పరీక్షల్లో రాసేవారట. పెళ్లయి, ఉద్యోగం వచ్చి, పాప పుట్టి, నేను దేనికీ చాలనేమో అనిపించిన రోజుల్లో కూడా, ఒకప్పుడు ఒక పెద్దావిడ నా కాగితాన్ని రెండుసార్లు చదివింది కదా అనుకునేదాన్ని.

సుగుణ ఊరికి వెళ్లిన ఆ రెండు రోజులూ నేను మేడమ్‌కు ఫోన్ చేయలేదు. వచ్చాక ఇంకో రెండు రోజులు కూడా చేయలేదు. నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఒక్క మాటే కదా. అంత పెద్ద పుస్తకంలో ఒక్క కుటుంబమే కదా. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆవిడ పుస్తకం ఆగుతుంది, ఆవిడ దృష్టిలో నా స్థానం పోతుంది. సుగుణ ఊరి నుంచి కందులు తెచ్చి వంటింటి గట్టు మీద పోసి, రాళ్లు ఏరుతూ, "మల్ల మా చేతికొచ్చిందమ్మా పొలం. పోయి ఒక రౌండు తిరిగొచ్చిన. మస్తు మంచిగనిపించింది" అంది. పాప ఆమె ఒడిలో కూర్చుని కందులతో ఆడుకుంటోంది. గుత్తకిస్తే తిరిగి వస్తుంది. రావాలి. బాలమణమ్మ వాళ్లకు రాలేదు. ‘మల్ల మాకు రాలే’ అన్నప్పుడు ఆమె చెప్పింది అదే. పన్నెండేళ్ల కిందట ఆమె ఒక చదువుకున్న పిల్లకు తమకు జరిగిన అన్యాయం గురించి ఫిర్యాదు చేస్తే, ఆ పిల్ల దాన్ని అమ్మకం కింద రాసుకుంది.

ఆదివారం పొద్దున బాచుపల్లి వెళ్లాను. మేడమ్ ఇప్పుడు అక్కడ ఏడో అంతస్తు ఫ్లాటులో ఒక్కరే ఉంటున్నారు. అమ్మమ్మ పోయి ఐదేళ్లయింది. వంటగది చాలా శుభ్రంగా ఉంది, ఏ వాసనా లేదు. బల్ల మీద పుస్తకం ప్రూఫులు. నేను కూర్చోకుండానే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. మేడమ్ కంప్యూటరు తెరిచి, పాత రికార్డింగులలో వెతికి ఆ ఫైలు పెట్టారు. చపాతీల కర్ర టకటకలు. సన్నగా నా గొంతు, మాటకొక అండీ. తరువాత బాలమణమ్మ. "నాయన గుత్తకిచ్చిండు, గంతే. మల్ల మాకు రాలే."

మేడమ్ ఆపారు. వెనక్కి జరిపి మళ్లీ విన్నారు.

"మా అమ్మ ఆ గోడవతల్నే ఉండె గదా, శైలూ."

"అడగాలని తోచలేదు మేడమ్."

"నాకు వినాలని తోచలే. నువ్వు రాసుకొచ్చిన కాగితం సాఫుగున్నది, చదివిన. టేపు నా దగ్గర్నే ఉన్నది. పన్నెండేండ్లు. ఇది నా ఇంటి మాట. నేను పుట్టిన ఊరి మాట. ఒక్కసారి విని ఉంటే..." అని ఆగి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నీ మీద కోపం లేదంటే అబద్ధమైతది. ఉన్నది. నా మీద ఇంకెక్కువున్నది. గాని నీ మీద లేకపోలే."

నేను తల ఊపాను. ఆ మాటకు నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఏదో బరువు దిగినట్టు కూడా లేదు. ఆవిడ ఫోన్ తీసి ప్రచురణకర్తతో పుస్తకం భాషలో మాట్లాడారు. "నాలుగో అధ్యాయం ఆపాలండీ. పేరు ఒక్కటే కాదు, వాదమే మారాలి. అవునండీ, తేదీ తెలుసు. నా రిటైర్‌మెంటే కదా, నాకు తెలియదా?" అని పెట్టేశారు. తరువాత నా వైపు తిరిగి, "పుస్తకం లేకపోతే ఏమాయె, ఆ రోజు పూలదండ ఎట్లనన్న ఏస్తరు" అన్నారు. నవ్వబోయారు కానీ కుదరలేదు. "ఆమె ఉన్నదా? కనుక్కో. వాళ్ల నాయన ఎవరికిచ్చిండో, కాగితమేమన్న ఉండెనో, అప్పుడు నువ్వడగని ప్రశ్నలన్నీ ఇప్పుడడగాలె. ఇద్దరం పోదాం."

బాలమణమ్మ ఉంది. అదే హాస్టల్లో. ఇప్పుడు దానికి కొత్త భవనం, కొత్త యజమాని. చపాతీలు మిషన్ చేస్తుంది. భుజం నొప్పితో కర్ర తిప్పడం మానేశాక ఆమెను కూరగాయలు తరగడానికి ఉంచుకున్నారు. మేం వెళ్లేసరికి ఉల్లిపాయలు తరుగుతోంది. పన్నెండేళ్లలో సగమైపోయింది మనిషి. నన్ను గుర్తుపడుతుందనుకోలేదు.

"అండీ అండీ అనుకుంట అడిగిన పిల్లవు గదా?" అంది. మేడమ్‌కు పీట జరిపింది. "యూనివర్సిటోళ్లు రాసుకపోయిన్రని అందరికీ చెప్తుంట. మా తమ్ముడు కోర్టుకు పోదమని ఎగిరిండు. నేనే వద్దన్న. ‘నేను చెప్పిన, పెద్ద పుస్తకంల ఎక్కిచ్చిన్రు, ఇయ్యాల గాకుంటే రేపన్న ఎవలో ఒకలు చదువుతరు’ అన్న. తర్వాత వాడు గూడ పోయె. ఇగ నేను ఎవ్వలకు చెప్పలె."

మేడమ్ నా వైపు చూడలేదు. నేను సంచీలోంచి పాత కాగితం తీశాను. తీయకుండా వచ్చేయవచ్చు. కొత్తగా అడిగి, రాసుకుని, ఈ కాగితం సంగతి ఎత్తకుండా ఉండవచ్చు. మేడమ్ కూడా దాని గురించి ఏమీ చెప్పలేదు, నా ఇష్టానికి వదిలేశారు. "అమ్మా, మీరు చెప్పిందని నేను రాసింది చదువుతాను, వినండి" అన్నాను. ఆమె ముచ్చటగా కత్తిపీట పక్కకు పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని, తన మాట తాను వినడానికి కూర్చుంది.

"మా నాన్నగారు గుంపగుత్తగా అమ్మేశారు. అంతే. మళ్లీ మాకు రాలేదు."

చదివేది ఇంకా ఉందేమోనని ఆమె చూసింది. తరువాత మేడమ్ వైపు, మళ్లీ నా వైపు చూసింది.

"ఇది ఎవలు చెప్పిన్రు?"

"నేను" అన్నాను. "మీరు గుత్తకిచ్చిండు అన్నారు. నాకు ఆ మాట తెలియలేదు. అడగకుండా నేనే ఇలా రాశాను. ఇదే పుస్తకంలోకి వెళ్లింది."

మిషన్ ఒక్కొక్క చపాతీని గుండ్రంగా కిందికి వదులుతోంది. బాలమణమ్మ కొంగుతో చేతులు ఇంకోసారి తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కూడా కోరుకున్నాను. ఉల్లిపాయలకు తడిసిన కళ్లు ఆమెవి, అందుకే ఆమె ఏడుస్తోందో లేదో నాకు తెలియలేదు.

"మా నాయన గసొంటోడు కాదు బిడ్డా" అంది చివరికి. "సచ్చేదాంక ఆ బండల కాడికి పోయి కూసుంటుండె, గడువు కాలేదా, ఎప్పుడిస్తరు అని. అమ్ముకున్నోడు గట్ల కూసుంటడా?"

మేడమ్ ఆమె చేయి పట్టుకున్నారు. "చెప్పక్కా, మొదటి నుంచి చెప్పు, మేమిద్దరం వింటం" అన్నారు. బాలమణమ్మ చేయి విడిపించుకుని నా చేతిలోని కాగితం చూపించింది.

"చెప్త. ముందుగాల అది కొట్టెయ్."

నేను పెన్ను తీశాను. ఆమె చూస్తుండగా, అక్షరం కనబడకుండా కొట్టేశాను.